ఇచ్చట ఉండేవారు

మూడడుగుల నడిగి ముల్లోకములనెల్ల
కొలిచినట్టి వడుగు గుజ్జురూపు
నడచువారికెల్ల నడిపించు తోడుగా
నిలువ నీడనొసగి నిలుచుగాక!

ఆ వామనమూర్తి కూడా ఒకనాడు ఎక్కడినుంచో గొడుగు పట్టుకుని కాలినడకన వచ్చినవాడే. అడిగింది మూడడుగుల నేల. నీవు స్థానికుడవా, కాదా అని ఆనాడు ఆయనను ఎవరూ అడుగలేదు. అడిగి ఉంటే ముల్లోకాల కొలత ఈనాటికీ ఏదో ఒక కార్యాలయంలో ఫైలుగా మూలుగుతూ ఉండేది. ఆ నడిచే దేవుణ్ణి మనసున తలచి, ఒక నడక కథ చెప్పుకుందాం.

“ఈ మహానగరము వలస వచ్చినవారి చెమటతో తడిసి మొలచినది! వారి పాదధూళి మన శిరస్సుకు ఆభరణము!”

నగర వారసత్వ పరిరక్షణ సంఘం వారు నిండుసభలో ఈ సత్యాన్ని కనుగొన్నారు. కనుగొన్న వెంటనే ఏకగ్రీవంగా ఆమోదించారు. ఆమోదించిన వెంటనే, సభామందిరం గుమ్మంలో మూటలతో కూర్చున్న ఒక వలస కుటుంబాన్ని కాపలావాడిచేత బయటికి పంపించారు, పాదధూళి తివాచీ మీద పడుతున్నదని! ఇందులో వైరుధ్యం వెదకడం అల్పబుద్ధుల లక్షణం. సంఘం నియమావళిలో స్పష్టంగానే ఉంది: గౌరవానికి అర్హుడు కావాలంటే వలస వచ్చినవాడు చనిపోయి కనీసం యాభై సంవత్సరాలు కావాలి. బ్రతికి ఉన్నవారు దరఖాస్తు చేసుకోనక్కరలేదు.

ఆ తీర్మానపు ఫలమే ‘పాతవాడల పాదయాత్ర’. ఆదివారం ఉదయం టికెట్టు కొన్నవారిని ఆరు మజిలీలు తిప్పి, నూరేళ్ళ నాడు మూటాముల్లెతో వచ్చినవారు ఎలా బ్రతికారో చూపిస్తారు. చూపించడానికి మార్గదర్శి కావాలి గదా! ప్రకటన వెలువడింది: “అభ్యర్థికి మంచి భాష, గట్టి కాళ్ళు ఉండవలెను. స్థానికుడై ఉండవలెను.”

మన మాస్టారికి భాష ఉంది. నలభై ఏళ్ళు బడిలో వ్యాకరణం చెప్పినవారు. కాళ్ళు ఉన్నాయి, ఆ నలభై ఏళ్ళూ బడికి నడిచే వెళ్ళినవారు. చిక్కల్లా మూడవ అర్హతతోనే. నలభై రెండేళ్ళ క్రితం ఒక రేకుపెట్టెతో ఈ నగరంలో దిగిన నాటినుంచి ఆయన ఉన్నది ఒకే చోట. అది నాలుగంతస్తుల పాత మేడ. గదికొక కుటుంబం, కుటుంబానికొక చేతిపని, ఎప్పుడూ ఒకటే రొద; అందుకే జనం దానిని తేనెపట్టు అంటారు. అందులో మూడో అంతస్తు, వీధివైపు గది ఆయనది. ఆ మేడనే సంఘంవారు పాదయాత్రలో మూడవ మజిలీగా నిర్ణయించారు.

“మీ నివాసం ఎక్కడ, మాస్టారూ?” అని సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు, మాస్టారు తమ జీవితంలో మొదటిసారిగా వ్యాకరణదోషం లేని అబద్ధం ఒకటి ఆడారు. కొండమీది పేటలో కాపురముంటున్న ఒక పూర్వశిష్యుని చిరునామా చెప్పారు.

“కొండమీదా! ఇంకేం, పుట్టు స్థానికులు!” అని కార్యదర్శిగారు కుర్చీలోంచి సగం లేచారు. కొండమీది చిరునామాకు అంతవరకు లేవడం ఆనవాయితీ.

ఆనాటినుంచి ప్రతి ఆదివారం మాస్టారు పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. తెల్లవారగానే పెరటి మెట్లు దిగేవారు. మూడు వీధులు చుట్టు తిరిగి సంఘ కార్యాలయానికి చేరేవారు. అక్కడ పచ్చజెండా పుచ్చుకుని, యాత్రికులను వెంటబెట్టుకుని, తాము బయలుదేరిన మేడ ముందుకే వచ్చి, దానిని పుట్టిన తరువాత అప్పుడే చూస్తున్నట్టు కళ్ళు పెద్దవి చేసేవారు.

అంతటితో అయిందా? తేనెపట్టులో ఒక కర్రమెట్ల దారి ఉంది. దానిలో అయిదో మెట్టు ఎన్నడో విరిగింది. ఇంటివారందరూ చూడకుండానే దానిని దాటి పోతారు. కొత్తవారందరూ అక్కడ తప్పకుండా తూలుతారు. చీకటిలో వచ్చినవాడు ఇంటివాడో దొంగో ఆ మెట్టే చెబుతుందని మేడలో సామెత. అందుచేత మాస్టారు కూడా ప్రతి ఆదివారం ఆ మెట్టు దగ్గర తూలి, “అబ్బా! ఇక్కడ మెట్టు లేదే!” అని ఆశ్చర్యపడవలసి వచ్చేది. నలభై రెండేళ్ళలో ఒక్కనాడూ తగలని దెబ్బ, స్థానికుడైన తరువాత వారానికొకటి మోకాలికి తగిలేది.

ఇరుగుపొరుగువారు తనను పలకరించకూడదని మాస్టారు అందరినీ ప్రాధేయపడ్డారు. వారూ సరేనన్నారు. అన్నారు గాని, అలవాటు అన్నది ఒట్టు పెట్టుకోదు గదా! మేడ గుమ్మం పక్కనే ఇస్త్రీబల్ల వేసుకున్న ముసలాయన ఉన్నాడు, అందరికీ ఇస్త్రీ బాబాయి. మొదటి వారమే పదిహేనుమంది యాత్రికుల ముందు కేక పెట్టాడు.

“మాస్టారూ! కుళాయి వచ్చి పోతోంది, మీ బిందె నిండింది, ఎక్కడ పెట్టమంటారు?”

మాస్టారు జెండాను ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

“ఇది... ఇది ఆనాటి జీవనవిధానపు ప్రదర్శన,” అన్నారు యాత్రికులతో. “వలస వచ్చినవారు నీళ్ళకోసం ఇలా ఒకరినొకరు పిలుచుకునేవారు.”

యాత్రికులు చప్పట్లు కొట్టారు. ఒకావిడ బిందెను ఫోటో తీసుకుంది. బాబాయి బుర్ర గోక్కుని, బిందెను తానే మూడో అంతస్తుకు మోసుకుపోయాడు.

ఇక భాష సంగతి. మార్గదర్శి పలకవలసిన మాటలన్నీ కార్యదర్శిగారు అచ్చువేయించి ఇచ్చారు. వాటికి ప్రాణంవంటి నియమం ఒక్కటే.

“మాస్టారూ, ఏది చెప్పినా భూతకాలంలో చెప్పాలి. ‘ఉంటారు’ అనొద్దు. ‘ఉండేవారు’ అనండి.”

“ఇంకా ఉన్నవారి మాట ఏమిటండీ?”

“ఉన్నవాళ్ళు చరిత్ర కాదు మాస్టారూ, సమస్య! మీరు రాకముందు నమూనా యాత్రలో ఎవరో ‘ఇప్పుడు కూడా ఉంటున్నారు’ అని నోరు జారారు. వెంటనే ఒకావిడ చేతిసంచీ గుండెకు హత్తుకుంది. ఇంకోసారి అలా జరక్కూడదు.”

ఈ ఉపదేశం చేసిన కార్యదర్శిగారు వయసులో నలభై దాటినవారు, నడకలో చురుకైనవారు. మజిలీల తనిఖీకి ఆ రోజే తేనెపట్టుకు వచ్చారు. వెంట వచ్చిన గుమాస్తా అయిదో మెట్టు దగ్గర బోర్లా పడ్డాడు. మాస్టారు తమ వంతుగా శాస్త్రోక్తంగా తూలారు. కార్యదర్శిగారు మాత్రం ఫైలు చదువుకుంటూనే పైకి వెళ్ళిపోయారు. మాస్టారు తమ మోకాలు పట్టుకునే సంరంభంలో ఉండి ఏమీ గమనించలేదు. మెట్ల పక్క గది గుమ్మంలో సూదిలో దారం ఎక్కిస్తున్న ఒకామె మాత్రం ఒక్క క్షణం దారం వదిలి పైకి చూసింది.

ఆమె బొంతల అక్క. కింది అంతస్తులో, వీధివైపు కిటికీ ఉన్న ఏడో నంబరు గది ఆమెది. అడ్డంగా నడిస్తే మూడడుగులు. నాలుగోది వేస్తే గోడ. ఆ గదిలో ముప్ఫైయారేళ్ళుగా పాతగుడ్డల ముక్కలు ఏరి, రంగుకు రంగు జతచేసి, బొంతలు కుడుతున్నది. అంతకు ముందు ఆమె తల్లి ఆ కిటికీ దగ్గరే కుట్టేది. మాస్టారు ఈ నగరానికి వచ్చిన కొత్తలో, వట్టినేల మీద ముడుచుకుని దగ్గుతుంటే, తన ఒంటి మీది బొంత తీసి కప్పిన పడుచుపిల్ల ఆమె. ఆ బొంత ఇప్పటికీ ఆయన రేకుపెట్టె మీద మడతపెట్టి ఉంది. పిల్లకు జుట్టు నెరిసింది. మాస్టారికంటే రెండేళ్ళు పెద్దదని లెక్క తేలి అక్క అయింది.

ప్రతి ఆదివారం ఆమె కిటికీ ముందు జెండా నిలిపి మాస్టారు కంఠం సవరించుకునేవారు.

“ఈ గదిలో బొంతలు కుట్టి పొట్ట పోసుకునే స్త్రీలు ఉండేవారు.”

లోపలినుంచి వెంటనే జవాబు వచ్చేది. “ఉండేవారేంటి? ఇదిగో నేను లేనూ?”

“ఎంత సహజంగా నటిస్తోందండీ!” అని యాత్రికులు మురిసిపోయేవారు. ఒకాయన కిటికీలోంచి చేయి పెట్టి ఆమె భుజం తాకి చూశాడు. “బలే! వెచ్చగా కూడా ఉంది!”

ఇలా నవ్వులతో సాగిన వ్యవహారం ఒకనాడు నోటీసుగా మారింది. ఏడో నంబరు గది తలుపు మీద కాగితం అంటించారు. “ఈ గదిని వలస కాలపు అసలు రూపమునకు పునరుద్ధరించుటకై, ప్రస్తుతము ఇందున్నవారు పదునైదు దినములలో ఖాళీ చేయవలెను. ప్రత్యామ్నాయ వసతి నగరపు అంచున చూపబడును.” ఆ అంచు ఎక్కడ ఉన్నదంటే, ఆఖరి స్టాపులో బస్సు దిగి, ఇంకా గంట నడవాలి. అక్కడి గదికి తలుపు ఉందిగాని కిటికీ లేదు.

వలస వచ్చినవారి గదిని వలస వచ్చినవారి గదిగా తీర్చిదిద్దడానికి అందులో వలస వచ్చినవారే అడ్డం! వారిని తీసివేసి, వారి చోట ఒక ప్లాస్టర్ బొమ్మను కూర్చోబెడతారు. బొమ్మ చేతిలో సూది, ఒడిలో బొంత. ఎవరి బుద్ధికి తోచిందో గాని, శిల్పి టేపు పట్టుకుని వచ్చి బొంతల అక్క ముక్కు, చెవులు, గడ్డం కొలుచుకుని పోయాడు. “మీ మొహంలో వలస బాధ బాగా ఉందమ్మా,” అని మెచ్చుకున్నాడు కూడా.

కార్యదర్శిగారు స్వయంగా వచ్చినప్పుడు అక్క సూది ఆపకుండానే అడిగింది.

“ఆ బొమ్మ కుట్టగలదా, నాయనా?”

“కుట్టక్కర్లేదమ్మా. కుట్టినట్టు కూర్చుంటే చాలు.”

“ఆ మాత్రం నేనూ కూర్చుంటాగా? నన్నే ఉంచండి.”

“మీరు కదులుతారు. దగ్గుతారు. వచ్చినవాళ్ళతో మాట్లాడతారు. అది కుదరదమ్మా.”

“నా కళ్ళకు ఈ కిటికీ వెలుతురు ఉంటేనే సూది బెజ్జం కనబడుతుంది. కిటికీ లేని గదిలో నేనేం కుట్టను, చీకటినా?”

“బొమ్మకు కూడా వెలుతురు కావాలి కదమ్మా! ఫోటోలు రావద్దూ?” అని కార్యదర్శిగారు జాలిగా చెప్పి, గోడకు ఏ రంగు వేయాలో రాసుకుని వెళ్ళారు. మాస్టారు పక్కనే జెండా పట్టుకుని నిలబడి ఉన్నారు. నోరు తెరిస్తే, ‘మీకేం తెలుసు ఈ మేడ సంగతి?’ అంటారు. ‘ఇక్కడే ఉంటున్నాను గనుక తెలుసు’ అనాలి. అంటే పచ్చజెండా పోతుంది. మాస్టారు తెరవని నోటితోనే తల పంకించారు.

ఆ మధ్యాహ్నం అక్క ఆయనను గదిలోకి పిలిచింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“తమ్ముడూ, నలభై ఏళ్ళు వ్యాకరణం చెప్పావు. నన్నెందుకు భూతకాలంలో పెట్టావు?”

“అక్కా, అది వాళ్ళు రాసిచ్చిన...”

“చచ్చాక ఎవరైనా భూతం అవుతారు. నువ్వు నన్ను బతికుండగానే చేశావు చూడు. ప్రతి వారం నా కిటికీ దగ్గరకొచ్చి ‘ఉండేవారు, ఉండేవారు’ అని నువ్వు అంటూనే ఉన్నావు. వాళ్ళు నమ్మారు. నమ్మి, ఇప్పుడు గది ఖాళీగా ఉందనుకుంటున్నారు. వాళ్ళ తప్పేముంది?”

మాస్టారు మూడో అంతస్తుకు వెళ్ళి రేకుపెట్టె ముందు కూర్చున్నారు. ఆనాడు ఆయన అయిదో మెట్టు దగ్గర నిజంగానే తూలారు. మడతపెట్టిన బొంత మీద చేయి వేసి చాలాసేపు ‘ఉండేవారు’ అన్న మాటను నోటిలో అటూ ఇటూ తిప్పారు. ఇన్నేళ్ళుగా పిల్లలకు చెప్పిన పాఠమే! ఈ మాటకు రెండు ముఖాలు. ‘వారు ఇక్కడ ఉండేవారు’ అంటే ఒకప్పుడు ఉన్నారు, ఇప్పుడు లేరు. ‘ఇక్కడ ఉండేవారికి ఉత్తరం వచ్చింది’ అంటే ఉన్నారు, దిట్టంగా ఉన్నారు, వచ్చి తలుపు తీస్తారు. మొదటిది భూతం. రెండవది తద్ధర్మం, ఎప్పుడూ ఉండే స్వభావం. ఒకే మాట, ఒకే అక్షరాలు. ఒకటి పాడె, ఒకటి పీట! మాస్టారి ముఖం మీద చాలా రోజుల తరువాత ఒక చిరునవ్వు మొలిచింది.

దైవం అనుకూలించింది. కార్యదర్శిగారే కబురు చేశారు. బొమ్మ గది ప్రారంభోత్సవానికి శిలాఫలకం కావాలట. లోగడ సంఘంవారు కూడలిలో నిలిపిన ఒక విగ్రహాన్ని రోడ్ల శాఖవారు పీకి గోదాములో పడవేశారు. ఆ అవమానం సంఘం అధ్యక్షురాలిగారి గుండెలో ముల్లయి ఉంది.

“ఈసారి మాటలు రాయికంటే గట్టిగా ఉండాలి మాస్టారూ,” అన్నారు అధ్యక్షురాలుగారు. “మన బొమ్మను ఎవ్వరూ అంగుళం కూడా కదపకూడదు. అదే మాటలతో తీర్మానం చేసి ముద్ర కూడా వేస్తాం.”

మాస్టారు సంఘ కార్యాలయంలోనే కూర్చుని రాసి ఇచ్చారు: “ఈ గదిలో బొంతలు కుట్టి జీవనము సాగించుచు ఉండేవారికి ఈ గది శాశ్వతముగా అంకితము. వారిని ఇచ్చటినుండి కదలించు అధికారము ఏ శాఖకును, ఏ సంఘమునకును లేదు.”

కార్యదర్శిగారు వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివారు. “‘ఉండేవారికి’. బాగుంది, భూతకాలమే. కానీ ముందు ‘పూర్వము’ అని ఒక మాట తగిలిద్దామా?”

మాస్టారు చెవులు మూసుకున్నారు. “శివశివా! ‘ఉండేవారు’ అన్నాక మళ్ళీ ‘పూర్వము’ అంటే పునరుక్తి దోషం కాదూ? కాగితం మీద అయితే లోకం క్షమిస్తుంది. రాతి మీద పునరుక్తి అంటే, తరతరాల పండితులు వచ్చి, ‘దీన్ని చదివి చూసిన కార్యదర్శి ఎవడు?’ అని అడుగుతారు.”

కార్యదర్శిగారి వేలు చటుక్కున వెనక్కి వచ్చింది. “అవునవును, పునరుక్తి! నేనూ అదే చెప్పబోతున్నాను. కానీ ‘ఏ సంఘమునకును’ అంటే మన సంఘానికి కూడా లేనట్టేగా?”

“ఉండనివ్వండి,” అన్నారు అధ్యక్షురాలుగారు. “గంభీరంగా ఉంది.”

ముద్ర పడింది. రాయి చెక్కబడింది.

ప్రారంభోత్సవం నాడు తేనెపట్టు ముందు షామియానా వేశారు. విలేకరులు వచ్చారు, మైకు వచ్చింది. ప్లాస్టర్ బొమ్మ గోనెగుడ్డ కప్పుకుని తోపుడుబండి మీద వచ్చి గుమ్మం ముందు ఆగింది. గదిలో బొంతల అక్క ఎప్పటిలాగే కుడుతూ కూర్చుంది. గడువు ఆ సాయంత్రం వరకు ఉంది గనుక ఎవరూ ఏమీ అనలేకపోయారు.

అధ్యక్షురాలుగారు తెర లాగారు. శిలాఫలకాన్ని కంచు మోగినట్టు చదివారు. జనం జేజేలు పలికారు. అప్పుడు మాస్టారు మైకు దగ్గరికి నడిచారు.

“ధన్యవాదాలు! ఈ గదిలో బొంతలు కుట్టి జీవనం సాగిస్తూ ఉండే అక్కకు ఈ గదిని శాశ్వతంగా అంకితం చేసిన సంఘానికి మేడ తరఫున నమస్కారం!”

కార్యదర్శిగారు మైకు మీదికి దూకారు.

“తప్పు! తప్పు! ‘ఉండేవారు’ అంటే పూర్వం ఉండేవారు! చనిపోయినవాళ్ళు!”

“అలాగా?” అన్నారు మాస్టారు వినయంగా. “మా బడిలో ఒక పద్ధతి ఉంది. సందేహం వస్తే ప్రయోగించి చూడాలి. అయ్యలారా, అమ్మలారా! ఈ నగరంలో ఉండేవారందరూ ఒక్కసారి చేతులెత్తండి!”

చేతులు లేచాయి. యాత్రికుల చేతులు, విలేకరుల చేతులు, షామియానా కట్టినవారి చేతులు. తాను ఈ నగరానికి చెందనని ఎవరైనా అనుకుంటారేమోనన్న భయంతో అధ్యక్షురాలుగారు రెండు చేతులూ ఎత్తారు. అందరికంటే ముందు లేచిన చేయి కార్యదర్శిగారిది.

“చూశారా! ఇంతమంది ‘ఉండేవారు’ చేతులెత్తితే అందులో చనిపోయినవాడు ఒక్కడైనా ఉన్నాడా?”

వీధి వీధంతా గొల్లున నవ్వింది. కార్యదర్శిగారు తమ చేతిని తామే నమ్మలేనట్టు చూసుకుని గబుక్కున దించారు.

“మా మూడో అంతస్తు మాస్టారా మజాకా!” అని ఇస్త్రీ బాబాయి సంతోషం పట్టలేక బల్ల మీద చరిచాడు. చరిచాక నాలుక కరుచుకున్నాడు.

“మూడో అంతస్తా?” కార్యదర్శిగారి కళ్ళు వెలిగాయి. “ఈయన ఇక్కడుంటాడా? కొండమీది చిరునామా ఇచ్చాడు! ఈయన స్థానికుడు కాదు! మోసం! ఈయన రాసిందేదీ చెల్లదు! రండి, విలేకరులంతా రండి, ఇప్పుడే ఈయన గది తెరిచి చూపిస్తా!”

ఫైలు చంకన పెట్టుకుని మెట్ల మీదికి ఉరికారు. వెనక అధ్యక్షురాలుగారు, వారి వెనక విలేకరులు. అయిదో మెట్టు దగ్గర అధ్యక్షురాలుగారు తూలారు. ఆమె మీద ఒక విలేకరి, అతని మీద కెమెరా. కార్యదర్శిగారు మాత్రం వెనక్కి తిరిగి వారిని తొందరపెడుతూనే, కిందికి చూడకుండా, ఆ మెట్టును లేడిపిల్లలా దాటి పైన నిలిచారు.

“ఆగు నాయనా!” అంది బొంతల అక్క గుమ్మంలోకి వచ్చి. “ఆ మెట్టు నీకెలా తెలిసింది?”

“ఏ మెట్టు?”

“నువ్వు దాటిన మెట్టు. ఇది రెండోసారి.”

ఇస్త్రీ బాబాయి కళ్ళజోడు సవరించుకుని మెట్ల మొదటికి వచ్చాడు. పైన నిలిచిన ముఖాన్ని పరికించి చూశాడు.

“ఒరేయ్! నువ్వు రెండో అంతస్తు గొడుగులాయన కొడుకువి కదూ! విరిగిన గొడుగులు బాగుచేసేవాడు మీ నాన్న. బలే మంచివాడు. నీ బడి చొక్కాలన్నీ నేనే కదరా ఇస్త్రీ చేసింది! అసలు ఆ మెట్టు విరగ్గొట్టిందే నువ్వు. పైనుంచి ఎగిరి దూకితే చెక్క ఫెళ్ళుమంది. మీ నాన్న వచ్చి ఇంటింటికీ క్షమించమని చెప్పుకున్నాడు.”

విలేకరుల కెమెరాలన్నీ పైకి లేచాయి. కార్యదర్శిగారి చంకలోని ఫైలు జారి, కాగితాలు ఒక్కొక్కటే మెట్లు దిగి వచ్చాయి. అవి కూడా అయిదో మెట్టు దగ్గర తూలాయి.

“అది... అంటే... ఎప్పుడో... మేము ఇక్కడ ఉండేవాళ్ళం,” అన్నారాయన, జారే కాగితాలను పట్టుకోబోతూ.

“అదీ!” అన్నారు మాస్టారు. ఉత్తమ విద్యార్థి దొరికిన ఉపాధ్యాయుని ఆనందం ఆ కంఠంలో ఉంది. “అదీ అసలైన భూతకాలం! ఇన్నాళ్ళకు ఒక్కరు సరిగా ప్రయోగించారు.”

అక్క నవ్వలేదు. “మీ నాన్న పోయినప్పుడు కప్పిన బొంత మా అమ్మ కుట్టిందేరా, బాబూ,” అంది మెల్లగా. కార్యదర్శిగారు ఎక్కిన మెట్టు మీదే కూలబడిపోయారు.

లేచి నిలబడి చీర సర్దుకున్న అధ్యక్షురాలుగారు నిప్పులు చెరిగారు. “ఒకరు మూడో అంతస్తు! ఒకరు రెండో అంతస్తు! ఇంతమంది వలసవాళ్ళు మా సంఘంలో ఎలా దూరారు? మాది మాత్రం ఈ ఊరే! మా ముత్తాత ఓడ దిగినప్పటినుంచీ ఇక్కడే!”

తామేమన్నారో ఆమెకు తెలియడానికి రెండు క్షణాలు పట్టింది. విలేకరులు రాసుకోవడానికి ఒక్క క్షణమే పట్టింది.

గొప్పవారి గొప్పతనం అటువంటప్పుడే బయటపడుతుంది. ఆమె చిరునవ్వు తెచ్చుకుని మైకు అందుకున్నారు. “మా సంఘం ఉద్దేశం మొదటినుంచీ ఇదే!” అని ప్రకటించారు. అక్కను పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగారు. ఆ వారంలోనే మరొక తీర్మానం వెలువడింది: “స్థానికుడు అనగా స్థానములో ఉండేవాడు. స్థానము ఏది అనునది అడుగరాదు.” ఈ నిర్వచనంతో మాస్టారి పచ్చజెండా నిలిచింది. కార్యదర్శిగారి కుర్చీ కూడా నిలిచింది. కాని కొండమీది చిరునామా వినగానే దానిలోంచి సగం లేవడం ఆయన మానుకున్నారు. ఒక ఆదివారం సుత్తి, మేకులు, ఒక చెక్క పట్టుకుని వచ్చి, ఎవరినీ పిలవకుండా అయిదో మెట్టు బాగుచేసి వెళ్ళారు. ఆ తరువాత ఆరు నెలలు మేడవారందరూ అక్కడ తూలుతూనే ఉన్నారు, లేని గొయ్యిని దాటబోయి!

మాస్టారు ఇప్పుడు వీధి గుమ్మంలోంచే బయలుదేరుతారు. ఏడో నంబరు కిటికీ ముందు జెండా నిలిపి, “ఈ గదిలో బొంతలు కుట్టే మా అక్క ఉంటుంది,” అంటారు. యాత్రికులలో ఎవరైనా చేతిసంచీ గుండెకు హత్తుకుంటే, “భయపడకండమ్మా, ఆమె ఇచ్చేదే గాని తీసుకునేది కాదు,” అంటారు.

ఇక ఆ ప్లాస్టర్ బొమ్మ. దాని గది దానికి దక్కలేదు. సంఘం గోదాములో చోటు లేదన్నారు. రోడ్డు మీద ఉంచితే రోడ్ల శాఖవారు నోటీసు అంటించారు: “ఇచ్చటినుండి వెంటనే తొలగవలెను.” నోటీసు బొమ్మ నుదుటిమీదే అంటించారు. అక్క రెండు రోజులు కిటికీలోంచి చూసింది. మూడోనాడు బయటికి వచ్చి కాగితం పీకింది.

“పాపం, ఎక్కడినుంచో వచ్చింది. నా మొహమే పెట్టుకుని నా గుమ్మం ముందు నిలబడితే ఎలా కాదనను? లోపలికి మోయండి, బాబాయ్.”

“మూడడుగుల గదిలో ముగ్గురు ఎలా పడతారమ్మా? నువ్వు, నీ బొంతలు, ఇది!”

“అది కదలదు, దగ్గదు, మాట్లాడదు. కార్యదర్శిగారే చెప్పారు.”

ఇది ఇలా ఉండగా, సభామందిరం గుమ్మంలోంచి ఆనాడు పంపివేసిన మూటల కుటుంబం వెదుక్కుంటూ వెదుక్కుంటూ తేనెపట్టుకు చేరింది. నాలుగో అంతస్తులో, నీళ్ళతొట్టి పక్కన ఉన్న గది అడిగింది. మేడలో గుసగుసలు బయలుదేరాయి. ఇస్త్రీ బాబాయి మూతి తిప్పాడు. “ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి పడుతున్నారు మాస్టారూ! ఇలా అయితే మన మేడ పరువేం కావాలి?”

చెప్పడానికి సిగ్గుచేటు గాని, మాస్టారి తల కూడా అలవాటు చొప్పున పంకించబోయింది. కిటికీలోంచి అక్క చూస్తున్నదని తెలిసి, మధ్యలో ఆగింది.

“యాభై ఏళ్ళు ఓపిక పట్టు, బాబాయ్,” అంది ఆమె, మడతపెట్టిన బొంత ఒకటి మూటలావిడ చేతిలో పెడుతూ. “వాళ్ళ గుమ్మంలోనూ శిలాఫలకం వేస్తారు. చదవడానికి మనమే ఉండం.”

మాస్టారు జెండా గోడకు ఆనించి, వంగి, ఆ మూటలలో బరువైనది ఎత్తి భుజాన పెట్టుకున్నారు. అయిదో మెట్టు దగ్గర తూలారు. ఈసారి దానికి కారణం మెట్టు బాగుండడమే.

గొడుగు పట్టిన ఆ పొట్టివడుగు ఈ కథ చెప్పినవారిని, విన్నవారిని, వింటూ కునికినవారిని సమంగా కాచుగాక. నడిచేవారికి దారియు, ఆగినవారికి మూడడుగుల నేలయు, ఆ నేలకొక కిటికీయు దొరుకుగాక. ఉన్నవారిని ఉన్నారని పలికే నాలుక అందరికీ కలుగుగాక. స్వస్తి.